ఫొటో బాకీ

మా ఆఫీసులో ఏడాదికి ఒకరైనా ఉద్యోగం మానేసి ట్రావెల్ ఫొటోగ్రాఫర్ అయిపోతామంటారు. అప్రైజల్ అయిన వారంలో ఈ మాట మరీ ఎక్కువ వినిపిస్తుంది. చాలామంది మానెయ్యరు, అది వేరే సంగతి. నిజంగా మానేసినవాళ్లలో కొందరు రెండేళ్ల తర్వాత ఓ వ్యాసం రాస్తారు, లేదా ఓ వీడియో పెడతారు. "ఈ వృత్తిలో మీకు కనిపించని కష్టాలు" అని. తెల్లవారుజామున మూడింటికి లేవడం, వీపు మీద పది కిలోల బ్యాగు, బస్టాండులో నిద్ర, సెన్సర్ మీద దుమ్ము, డబ్బులు ఎగ్గొట్టే క్లయింటు, ఇంట్లోవాళ్ల సణుగుడు. చివర్లో ప్రతిఫలం కూడా ఉంటుంది. ఓ ముసలాయన బోసి నవ్వు, ఓ పాప కళ్లు, "ఆ ఒక్క క్షణం చాలు" అనే వాక్యం.

ఈ రకం వ్యాసాలతో నాకు పేచీ ఉంది. వాటిలో అబద్ధాలున్నాయని కాదు, ఆ కష్టాలన్నీ నిజమే. కానీ ఆ లెక్కలో కష్టమంతా కెమెరా వెనకున్న మనిషిదే, ప్రతిఫలమూ అతనిదే. కెమెరా ముందున్న ముసలాయన ఎవరు? ఆయన ఆ వృత్తి ఇచ్చే ప్రతిఫలం. అంటే జీతం బదులు దొరికిన బోనస్. ఆయనకి పేరు ఉండదు, ఆయనకి ఏం దక్కిందన్న ప్రశ్నే రాదు.

ముందు ఫొటోగ్రాఫర్ల పక్షాన న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ పనిలో డబ్బు నిజంగానే లేదు. స్టాక్ ఫొటోల సంగతే చూడండి. షట్టర్‌స్టాక్ 2020 జూన్‌లో కొత్త పద్ధతి తెచ్చింది. ఫొటోగ్రాఫర్ వాటా 15 శాతం నుంచి 40 శాతం దాకా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఎక్కువ డౌన్‌లోడ్లయితే పైమెట్టు. ప్రతి జనవరి 1న అందరూ మళ్లీ కిందిమెట్టుకి వచ్చి పడతారు. ఒక డౌన్‌లోడ్‌కి కనీసం వచ్చేది పది సెంట్లు, మన లెక్కలో పది రూపాయల లోపు. చార్మినార్ ఫొటో అలా ఒకటి అమ్ముడుపోతే వచ్చే డబ్బుతో చార్మినార్ పక్కన ఇరానీ చాయ్ రాదు. నిజమే, ఇది దోపిడీ. దీని మీద ఎంత తిట్టినా తక్కువే.

కానీ ఆ దోపిడీ గురించి రాసేటప్పుడు మనం ఒక మెట్టు దగ్గరే ఆగిపోతాం. కంపెనీ ఫొటోగ్రాఫర్‌కి పది సెంట్లు ఇచ్చింది, అన్యాయం. మరి ఆ ఫొటోలో ఉన్నాయనకి ఫొటోగ్రాఫర్ ఎంత ఇచ్చాడు? సున్నా. స్టాక్ సైట్లలో ప్రకటనలకు వాడే ఫొటో అయితే అందులో గుర్తుపట్టగలిగే మనిషి సంతకం కావాలి, దాన్ని మోడల్ రిలీజ్ అంటారు. అదే ఫొటోని "ఎడిటోరియల్" అన్న పెట్టెలో వేస్తే సంతకం అక్కర్లేదు. పాతబస్తీ మొహాలన్నీ ఆ రెండో పెట్టెలోనే ఉంటాయి. ఎందుకంటే ఆ పెట్టెకి ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

ఈ మాటలు ఎవరినో వేలెత్తి చూపడానికి రాయడం లేదు. నేను చేసిన పనే ఇది.

ఏడెనిమిదేళ్ల కింద నేనూ ఆదివారం బ్యాచ్‌లో ఉండేవాణ్ణి. మాదాపూర్ నుంచి అయిదింటికి బయల్దేరడం, ఆరింటికల్లా చార్మినార్. అక్కడ చాయ్, ఉస్మానియా బిస్కెట్. మక్కా మసీదు ముందు పావురాలు లేచే దాకా కాపు కాయడం, తర్వాత లాడ్ బజార్ సందులు. పాతికమందిమి, పాతిక కెమెరాలు. ఒకడికి మంచి ఫ్రేము దొరికిందంటే పది లెన్సులు అటే తిరిగేవి. ఆ ఫ్రేములో ఉన్న మనిషికి పొద్దున్నే పది లెన్సులు తన మీదకి తిరిగితే ఎలా ఉంటుందో మాలో ఎవరమూ మాట్లాడుకున్నట్టు నాకు గుర్తు లేదు.

అలాంటి ఒక ఆదివారం, ఓ సందులో లక్క గాజులు చేసే పెద్దాయన కనిపించారు. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతోంది, దాన్ని ఆయన పుల్లకి చుట్టి సాగదీస్తున్నారు. వెనక వెంటిలేటర్‌లోంచి ఎండ పడుతోంది, మధ్యలో పొగ. కెమెరా పట్టుకున్న ఎవడికైనా పండగే. పద్నాలుగు ఫొటోలు తీశాను. ఎండ వెనకనుంచి ఉంది కాబట్టి ఎక్స్‌పోజర్ తగ్గించి సిల్హౌట్ చేశాను. మనిషి మొత్తం నల్లగా, చుట్టూ పొగ బంగారంలా. ఆయన నా వైపు ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డారు. నేను "షుక్రియా చాచా" అని వచ్చేశాను. ఆ ఫొటోకి ఒక పోటీలో బహుమతి వచ్చింది, ఒక క్యాలెండర్‌లో అచ్చయింది.

మూడేళ్ల తర్వాత ఓ స్నేహితుడితో అదే సందులోకి వెళ్లాను. ఆ కుంపటి దగ్గర నా వయసువాడే ఇంకొకతను కూర్చుని ఉన్నాడు. కొంచెం గొప్పగానే ఫోన్ తీసి ఫొటో చూపించాను. అతను చాలాసేపు చూశాడు. వాళ్ల నాన్న పోయి ఏడాది దాటిందట. ఇంట్లో ఆయన ఫొటో ఆధార్ కార్డు మీదున్నది ఒక్కటే. తర్వాత అతను అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇస్‌మే చెహరా కహాఁ హై, భాయ్?"

ఇందులో మొహం ఎక్కడుంది?

ఆ రాత్రి పాత హార్డ్‌డిస్క్ వెతికి పద్నాలుగు ఫైళ్లూ తెరిచాను. అన్నిట్లోనూ మొహం నలుపే. రా ఫైల్ కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో నీడల్ని పైకి లాగితే ఒకదాంట్లో కొంచెం బయటపడింది. గరుకుగా, ఇసక చల్లినట్టు. అదే ప్రింటు వేయించి తీసుకెళ్లి ఇచ్చాను. "హౌ, అబ్బాఇచ్ హై" అన్నాడు. చాయ్ తెప్పించాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఫైల్లో కెమెరా రాసిపెట్టిన వివరాలు చూస్తే అన్నీ ఉన్నాయి. లెన్సు, అపర్చర్, షట్టర్, సెకన్లతో సహా టైము. పేరు మాత్రం లేదు, ఎందుకంటే నేను అడగలేదు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుకి సర్కారు పేరు రాసిచ్చింది. దాన్ని చేసిన మనిషి నా క్యాలెండర్‌లో "పాతబస్తీ కార్మికుడు".

ఈ ఊళ్లో ఈ వృత్తికి పాత చరిత్రే ఉంది. ఉద్యోగం మానేసి కెమెరా పట్టిన ఇంజనీర్లలో అందరికన్నా పెద్దాయన రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగ్ చదివాడు, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో చేరాడు. 1870ల్లో ఫొటోగ్రఫీ మొదలుపెట్టి, ఆ తర్వాత ఉద్యోగం వదిలి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. నిజాం ఆయనకి ముసవ్విర్ జంగ్ అనే బిరుదిచ్చాడు. ఆ రోజుల్లో ప్రయాణంలో ఫొటో తీయడమంటే బండెడు సామాను. తడి ప్లేటు పద్ధతిలో అయితే గాజు పలకకి అక్కడికక్కడే రసాయనం పూసి, ఆరకముందే ఫొటో తీసి, పక్కనే వేసిన చీకటి గుడారంలో వెంటనే కడగాలి. మన బ్యాగు బరువు గురించి మనం రాసుకునే వ్యాసాలు ఆయన చదివితే నవ్వేవాడేమో. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. ఆ పలకలు మోసినవాళ్ల పేర్లు నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేవు. కష్టం ఎవరిది, పేరు ఎవరిది అన్న ప్రశ్న ఇప్పటిది కాదు.

కానీ దీన్‌దయాళ్ 1892లో చేసిన ఒక పని గురించి మనం ఎక్కువ మాట్లాడుకోవాలి. పరదాలో ఉండే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టాడు. దాన్ని నడపడానికి కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడని పెట్టాడు. వ్యాపారమే, కాదనను. అయినా ఆ వ్యాపారం వెనక ఒక ఆలోచన ఉంది. ఫొటో తీయించుకునే మనిషికి ఏది ఇబ్బంది, తనని ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు అని ముందు ఆలోచించి, దానికి తగ్గట్టు గది కట్టాడు.

నూట ముప్పై ఏళ్ల తర్వాత మనం చేస్తున్నదేమిటి? లాడ్ బజార్‌లో బురఖా వేసుకున్న ఆవిడ గాజులు బేరమాడుతుంటే రోడ్డవతల నుంచి పొడుగాటి లెన్సుతో కొట్టి, కింద "మిస్టరీ" అని రాస్తున్నాం. అందులో మిస్టరీ ఏమీ లేదు. ఆవిడ గాజులు కొనుక్కుంటోంది. తన మొహం చూపించనక్కర్లేదని అనుకుంది, అంతే.

దీన్‌దయాళ్‌ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆ మర్యాద డబ్బిచ్చే ఖాతాదారులకి దక్కిన మర్యాద. నవాబుల ఫొటోల్లో పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ నౌకర్లకి ఏ గదీ కట్టలేదు. నేనడిగేది కూడా ఇదే. డబ్బున్నవాళ్ల దగ్గర ఫొటోగ్రాఫర్లు ఇవాళ్టికీ అలాగే నడుచుకుంటారు. జూబ్లీహిల్స్ పెళ్లిలో ఏ మేనత్తకైనా ఫొటో నచ్చకపోతే తీసేస్తారు. గచ్చిబౌలి కాఫీ షాపులో కూర్చున్న అపరిచితురాలి మొహానికి ఎవడూ లెన్సు ఎత్తడు, ఎత్తితే ఏమవుతుందో తెలుసు. అనుమతి అడగడం మనకి రాక కాదు. ఎక్కడ అడగక్కర్లేదో మనకి బాగా తెలుసు. మూసీ దాటగానే మర్చిపోతాం.

పాతబస్తీలో కెమెరాకి ఇంకో అర్థం కూడా ఉంది. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, అక్కడి సామాజిక కార్యకర్త ఒకాయన్ని పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని అడిగి ఫొటో తీశారు. ఆయన ఒప్పుకోకపోయినా తీశారు. ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ని పోలీసులు వాడటాన్ని సవాలు చేస్తూ ఆయన తెలంగాణ హైకోర్టుకి వెళ్లారు. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నాకు తెలిసినంతలో, ఒకసారి ఒక డేటాబేస్‌లోకి వెళ్లిన మొహం బయటికి రావడం చాలా కష్టం. ఇంటర్నెట్‌లో పెట్టిన మొహం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వీధుల్లో ఓ కుర్రాడు కెమెరా చూసి మొహం తిప్పుకుంటే మనవాళ్లు "అన్‌ఫ్రెండ్లీ" అంటారు. అతని వైపు నుంచి ఆలోచించండి. మీరు కళ కోసం తీస్తున్నారో కేసు కోసం తీస్తున్నారో అతనికెలా తెలుస్తుంది? ఆ పెద్దాయన మొహం కూడా ఆధార్ సర్వర్‌లో ఉంది, ఇంట్లో గోడ మీద లేదు.

చట్టం ఈ విషయంలో ఏమంటోంది? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో హక్కు తీసినవాడిదే. 2012 సవరణ తర్వాత అతను బతికున్నంత కాలం, ఆపైన అరవై ఏళ్లు. ఫొటోలో ఉన్నవాళ్లకి ఆ చట్టంలో వాటా లేదు. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, ఆ ఫొటో హక్కు తీయించుకున్నవాళ్లది.

ఇప్పుడు చార్మినార్ కింద నిలబడి మెడలో కెమెరా వేసుకుని "ఫొటో, సాబ్, ఫొటో" అని పిలిచే మనిషిని గుర్తు చేసుకోండి. ఊళ్లనుంచి వచ్చిన కుటుంబాన్ని వరసగా నిలబెట్టి, అందరి మొహాలూ కనబడేలా తీసి, చేతిలో ప్రింటు పెట్టి డబ్బు తీసుకుంటాడు. ఫోన్లొచ్చి అతని గిరాకీ పోయింది. ఏ ఎగ్జిబిషన్‌లోనూ అతని ఫొటో ఉండదు. మన ఫొటోవాక్‌లో అతను ఫ్రేముకి అడ్డం. కానీ మొత్తం చార్మినార్ చుట్టూ, తీసిన ఫొటో అందులో ఉన్న మనిషికే చెందే ఫొటోగ్రాఫర్ అతనొక్కడే. అతని ఫొటోలు కరీంనగర్‌లోనో కర్నూలులోనో ఎవరింట్లోనో ఫ్రేము కట్టి ఉంటాయి. నా బహుమతి ఫొటో ఎక్కడుంది? ఆ ఏడాది డిసెంబర్ 31తో క్యాలెండర్ చిత్తుకాగితం అయిపోయింది.

ఇక్కడ ఎదురయ్యే వాదనలు నాకు తెలుసు. మొదటిది, అడిగితే సహజత్వం పోతుంది, మనిషి బిగుసుకుపోతాడు. ఒప్పుకుంటాను. కొన్ని క్షణాలు అడిగి తీసేవి కావు. బీబీ కా ఆలం ఊరేగింపులో వేలమందిని ఎవరు అడగగలరు? గుంపు వేరు, ఒక్క మొహం వేరు. ఒక్క మొహం తీశాక అయినా అడగొచ్చు కదా. తెర తిప్పి చూపించొచ్చు. వద్దంటే తీసేయొచ్చు. "మళ్లీ వారం తెచ్చిస్తా" అని చెప్పి నిజంగా తెచ్చివ్వొచ్చు. ఇవేవీ సహజత్వాన్ని చెడగొట్టవు. మన తీరికని మాత్రం చెడగొడతాయి.

రెండో వాదన, ఇలా లెక్కలు చూసుకుంటూ ఉంటే గొప్ప ఫొటోలు వచ్చేవి కావు అని. అయితే అందరికన్నా గొప్పదిగా చెప్పుకునే ఫొటోనే తీసుకుందాం. స్టీవ్ మెకర్రీ 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో ఓ అఫ్ఘన్ పిల్ల ఫొటో తీశాడు. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం అయింది. ఆ ఆకుపచ్చ కళ్లు ప్రపంచమంతా తిరిగాయి. ఆ పిల్ల పేరు షర్బత్ గులా అని ప్రపంచానికి తెలిసింది 2002లో. అప్పటిదాకా తన ఫొటోని ఆవిడే చూడలేదు. అపరిచితుడెవరో ఫొటో తీసినందుకు అప్పుడు కోపం వచ్చిందని కూడా ఆవిడ చెప్పింది. 2016లో నకిలీ గుర్తింపు కార్డు కేసులో పాకిస్తాన్‌లో అరెస్టయినప్పుడు ఆ ఫొటో పుణ్యాన మళ్లీ వార్తయింది. ఆ కళ్లలో ఉన్నది మిస్టరీ అని మనం ఇన్నేళ్లూ రాసుకున్నాం. అది కోపమై ఉండొచ్చన్న మాట ఎవరికీ తట్టలేదు. ఫొటో గొప్పదే, నేను కాదనడం లేదు. పదిహేడేళ్లు పేరు లేకుండా ఉండటం ఆ గొప్పతనానికి ఏ రకంగా అవసరమైంది, చెప్పండి.

మూడోది, అసలు ప్రయాణమంటేనే వెళ్లడం, మళ్లీ రావడం కుదరదు. దూరదేశాలకి అది నిజమేమో. మాదాపూర్ నుంచి చార్మినార్ గంట ప్రయాణం. మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే మూసీ దాటడమే మిగులుతుంది. పక్క వీధిని పరాయి దేశంలా చూడటం మన ఫొటోగ్రఫీకి పట్టిన జబ్బు. వరంగల్‌కి చెందిన భరత్ భూషణ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. తెలంగాణ పల్లెల్ని, బతుకమ్మని, ఇళ్లనీ మనుషుల్నీ దశాబ్దాల పాటు తీశారు. 2022 జనవరిలో పోయారు. ఆయన ఫొటోల్లో మనుషులు చూసేది ఒక టూరిస్టుని కాదు, తెలిసినవాణ్ణి. ఆ చూపు లెన్సుతో రాదు, మళ్లీ మళ్లీ వెళ్లడంతో వస్తుంది.

మన తెలుగు యాత్రా సాహిత్యం మొదలైంది కూడా కొంచెం ఇలాంటి బాధ్యతతోనే. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయల్దేరి హైదరాబాద్ మీదుగా కాశీ వెళ్లాడు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. ఆయనకీ కష్టాలున్నాయి. అయినా ఆయన కాగితం మీద ఎక్కువ చోటు దారులకి, మజిలీలకి, నీళ్లకి, దొరికే సరుకులకి ఇచ్చాడు. వెనక వచ్చేవాడికి పనికొస్తుందని. మన ట్రావెల్ వ్యాసాలు చదివి వెనక వచ్చేవాడికి తెలిసేది ఒక్కటే, మనం ఎంత అలిసిపోయామో.

చివరగా మా వృత్తి గురించి ఓ మాట. చార్మినార్, రంజాన్ రాత్రి, పొగలో గాజులవాడు అని రాస్తే చాలు, ఇప్పుడు కంప్యూటర్ నిమిషంలోపే బొమ్మ తయారుచేసి ఇస్తోంది. నా సిల్హౌట్ కన్నా అందంగా ఇస్తోంది, ఎందుకంటే నా సిల్హౌట్‌లాంటివి లక్షల కొద్దీ తిని నేర్చుకుంది. మొహం లేని, పేరు లేని బొమ్మలు చేయడంలో దాన్ని మనం గెలవలేం. మనం ఇన్నేళ్లూ చేసింది అదే పని కాబట్టి అది మన పొట్ట కొడుతోంది. అది చేయలేని పని ఒక్కటే మిగిలింది. ఫలానా సందులో, ఫలానా పేరున్న మనిషి ముందు నిలబడి, మళ్లీ ఇంకోసారి అదే సందులోకి వెళ్లడం. ఈ వృత్తిలో ప్రతిఫలం ఏదైనా ఉంటే అక్కడే ఉందని నా అనుభవం. కష్టం కూడా అదే. మూడింటికి లేవడం కష్టం కాదు. తీసిన ఫొటో పట్టుకుని వెళ్లి, "ఇది బాలేదు" అని వాళ్లు అంటే నిలబడి వినడం కష్టం.

అందుకే ఫొటోవాక్‌లు నడిపేవాళ్లకి ఒక సూచన. నెలలో నాలుగు ఆదివారాలు నడవండి, కానీ ఒక ఆదివారం కెమెరాలు లేకుండా ప్రింట్లతో నడవండి. చిన్న సైజు ప్రింటుకి అయ్యే ఖర్చు ఒక చాయ్ ఖర్చు. ఎంతమంది వస్తారో చూద్దాం.

నేనిప్పుడు తక్కువ తీస్తున్నాను. పేరు అడిగి ఫోన్లో రాసుకుంటున్నాను. బ్యాగులో ఇంకా ఇవ్వని ప్రింట్లు పదకొండు ఉన్నాయి. రెండు దుకాణాలు మూతపడ్డాయి, ఒకాయన ఊరెళ్లారట, ఇద్దరి ఆచూకీ తెలియలేదు. మహబూబ్ చౌక్ గడియారం దగ్గర ఒకావిడ మాత్రం తన ఫొటో చూసి కళ్లు మూసుకుని పడిందని వెనక్కి ఇచ్చేసింది, ఇంకోటి తీయమంది. అది వచ్చే ఆదివారం తీసుకెళ్లాలి.